మామ్మ ఒళ్ళో ఎర్ర ఫ్లాస్కు

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే భిలాయి పవర్ హౌస్ మార్కెట్ నుంచి సుభద్రత్త సైకిల్ మీద వచ్చేది. హ్యాండిల్‌కి ఎర్ర ఫ్లాస్కు. అందులో టీ కాదు... గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో మేకల అండాశయాలు.

సొంత అత్త కాదు... మా పక్క క్వార్టర్ వాళ్ళమ్మాయి. వాళ్ళ నాన్నా మా నాన్నా స్టీల్ ప్లాంటులో ఒకే షిఫ్టు. అత్తేమో కడుపులో అండం ఎలా ఎదుగుతుందన్న దానిమీద రాయ్‌పూర్‌లో పరిశోధన చేసేది. మటన్ కొట్టు ముందు అందరూ మాంసం అడిగితే, తను మాత్రం వాళ్ళు పారేసేవి అడిగేది. అది చూసి మా వీధి ఆడవాళ్ళంతా ముక్కు మూసుకునేవారు.

ఒక ఆదివారం సైకిల్ పంక్చరైంది. "సల్లారిపోకుండా సూడే, పంక్చర్ ఏయించుకొచ్చేత్తాను" అని ఫ్లాస్కు నా చేతికిచ్చి వెళ్ళింది. నేనేమో దాన్ని వరండాలో పెట్టేసి తొక్కుడుబిళ్ళకి పరిగెత్తాను... అంత బుద్ధిమంతురాలిని మరి.

నాన్న డ్యూటీకి పట్టుకెళ్ళే ఫ్లాస్కూ ఎర్రదే. మా మామ్మ చూసి, మిగిలిపోయిన టీ అనుకుని తూములో ఒంపేసింది.

"ఇదేటే, మాంసం ముక్కలు?" అని మామ్మ బిత్తరపోయి చూస్తుండగానే అత్త వచ్చింది. వారమంతా ఎదురుచూసిన పని... తిట్టినా బాగుండేది. గుమ్మం మీద కూలబడిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది.

"పోన్లే పెద్దమ్మా, నీకేటి తెలుసు" అంది చివరికి. "అండాలు ఎలా ఎదుగుతాయో తెలిస్తే... పిల్లల్లేరని మాటలు పడేవోళ్ళకి ఎప్పటికైనా పనికొత్తాదని నా ఆశ."

మామ్మ వంగి ఖాళీ ఫ్లాస్కు తీసి కొంగుతో తుడిచింది. మా నాన్న పుట్టకముందు పదకొండేళ్ళు ఆవిడని ఊళ్ళో పేరంటాలకి పిలిచేవారు కాదట... ఆ సంగతి అమ్మ నాకు తర్వాత చెప్పింది.

మరుసటి ఆదివారం మామ్మే అత్తతో మటన్ కొట్టుకి వెళ్ళింది. ఫ్లాస్కుకి పాత చీరముక్క చుట్టి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. అత్త రాయ్‌పూర్ బస్సెక్కేదాకా చేతికివ్వలేదు. ఇంటికొచ్చి తలస్నానం మాత్రం చేసిందనుకోండి. అత్త చదువు పూర్తయ్యేదాకా ప్రతి ఆదివారం అంతే... నన్ను మాత్రం ముట్టుకోనివ్వలేదు.

థీసిస్ పుస్తకం చేతికి రాగానే అత్త మా ఇంటికే తెచ్చింది. కృతజ్ఞతలు చెప్పే మొదటి పేజీలో గురువుల కంటే పైన మామ్మ పేరు. మామ్మకి చదువు రాదు కదా... నేను చదివి వినిపించాను.

"ఇంకోపాలి సదువు" అంది.

అండాలని ఒంటి బయట బతికించే పని మా వైపు మొదలుపెట్టిన ఆడమనిషి సుభద్రత్తే. తర్వాత తను చదివిన రాయ్‌పూర్ ల్యాబుకే పెద్దయింది. మొన్న రిటైరైంది. ఇప్పుడు వాటిని వెచ్చగా తెచ్చేందుకు బ్యాటరీ పెట్టెలొచ్చాయట... ఎవరి ఒడీ అక్కర్లేదు.

రిటైర్మెంట్ సభలో అత్త ఆ పేజీ నాచేత చదివించింది. చదివి ఆగాను... ఇంకోపాలి అనే మనిషి లేదు. నేనే ఇంకోసారి చదివాను.

మీ ఇంట్లో ఒకరి చదువుని ఇలా ఒళ్ళో పెట్టుకుని మోసినవాళ్ళెవరు? పేరు రాయండి... రెండుసార్లు చదువుతాను.