పొద్దుగూకక ముందే ఆపిన బస్సు

మొన్న శుక్రవారం పొద్దున ఫోను మోగితే తెర మీద డ్రైవర్ చాచా అని కనిపించింది. ఎత్తితే వినిపించింది మాత్రం ఆయన చిన్న కూతురి గొంతు. "అబ్బాజాన్ పోయిండు అక్కా. నమాజ్ అయినంక తీస్కపోతరు," అంది. ఏడవలేదు. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఇలాంటి కబురు ఎలా చెప్పాలో ఆమెకు తెలుసు. నేను సగం రోజు సెలవు పెట్టి శామీర్‌పేటలోని ఆయన ఇంటికి వెళ్లాను.

ఆయన మీలో చాలామందికి తెలియదు. తుర్కపల్లిలో నేను పనిచేసిన మందుల ల్యాబుకు సిబ్బందిని తీసుకెళ్లే మినీ బస్సు నడిపేవారు. పొద్దున అత్వెల్లిలో మొదలై, మేడ్చల్‌లో మమ్మల్ని ఎక్కించుకుని, శామీర్‌పేట మీదుగా తుర్కపల్లి చేరేది ఆ బండి. తొమ్మిదేళ్లు నేను ఆ బస్సులోనే వెళ్లాను. చాచా హారన్ కొట్టగా విన్నది బహుశా పదిసార్లు. "హారన్ కొట్టుడంటే ఎదుటోని మీద ఒర్రుడే బిడ్డా," అనేవారు. బండి తీసేముందు చుట్టూ నడిచి ఒక్కో టైరు మీద అరచెయ్యి వేసి చూసేవారు, జ్వరం చూసినట్టు. మేమందరం దిగి లోపలికి వెళ్లాకే టీ తాగేవారు. మాలో ఒకామెకు నెలలు నిండుతున్నప్పుడు బస్సును ఆమె ఇంటి సందు దాకా తీసుకెళ్లేవారు. అందువల్ల మాకు రోజూ ఐదు నిమిషాలు ఆలస్యమయ్యేది. ఎవరైనా సణిగితే, "తొవ్వ ఏడికి పోతది, గాడ్నే ఉంటది," అనేవారు.

ఒక డిసెంబరు చివర్లో మరమ్మతుల కోసం ల్యాబును ఐదు రోజులు మూశారు. ఎనిమిది మంది ఆడవాళ్లం ల్యాబు బస్సునే అడిగి తీసుకుని బీదర్, కలబురగి, విజయపుర, బాదామి, హంపి చూసి రావాలనుకున్నాం. మాలో పెద్దది, స్టోర్స్ చూసే అక్క, ఏ పూట ఎక్కడ తినాలో, ఎక్కడ పడుకోవాలో కాగితం మీద రాసింది. మా ఇళ్లల్లో ఒప్పుకోవడానికి కారణం మాత్రం ఆ కాగితం కాదు. బండి చాచా నడుపుతారని చెబితే మా నాయిన ఇంకేమీ అడగలేదు.

బీదర్‌లో పాత మదర్సా గోడకు ఇంకా అంటుకుని ఉన్న నీలి పలకలను చూస్తూ చలిలో గంటసేపు నిలబడ్డాం. కలబురగి కోటలో పొడవాటి ఫిరంగి పక్కన ఫొటోలు దిగాం. అక్కడి నుంచి విజయపురకు వెళ్లేసరికి చీకటి పడింది. దారి పొడుగునా పాటలు పాడుకున్నాం. మూడో రోజు గోల్ గుంబజ్ ఎక్కాం. పైన గుండ్రటి వరండాలో అందరం మా పేర్లు అరిచి, అవి తిరిగొస్తుంటే నవ్వుకున్నాం. చాచా అవతలి వైపు గోడకు దగ్గరగా నిలబడి మెల్లగా సలాం అన్నారు. ఆ మాట అంత దూరం నుంచి నా చెవి పక్కనే అన్నట్టు వినిపించింది. దిగేటప్పుడు ఆయన మెట్టుమెట్టుకూ గోడ పట్టుకుంటుంటే మోకాళ్ల నొప్పులనుకున్నాను.

నాలుగున్నరకు బాదామి బయలుదేరాం. రాత్రికి అక్కడ గదులు చెప్పి ఉన్నాయి. కృష్ణ మీది పొడవాటి వంతెన దాటాక, సూర్యుడు ఇంకా చెరుకు తోటల పైన ఉండగానే, చాచా బస్సును రోడ్డు పక్కన ఒక పూటకూళ్ల ఇంటి ముందు ఆపారు. టీ కోసమనుకున్నాం. ఆయన తాళం తీసి చేతిలో పట్టుకుని మా వైపు తిరిగి, ఈ పొద్దుకు ఇక నడపనని చెప్పారు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరూ ఒకేసారి మాట్లాడారు. స్టోర్స్ అక్క కాగితం తీసి చూపించింది. ఇంకా రెండు గంటల దారే కదా అని ఒకరు, ఎనిమిది మంది ఆడవాళ్లం ఈ ఊరుగాని ఊళ్లో ఎక్కడ ఉంటామని ఇంకొకరు నిలదీశారు. ఆయన తల వంచుకుని విన్నారు. ఆ వంచిన తల చూసి నాకు అనుమానమొచ్చింది. అందరి ముందే అడిగాను.

"చాచా, తాగిన్రా?"

స్టోర్స్ అక్క కాగితం మడిచేసింది. తొమ్మిదేళ్లుగా ప్రతి పొద్దునా నన్ను బిడ్డా అని పిలిచిన మనిషి. ఆయనకు కోపం రాలేదు.

"తాగలే బిడ్డా. కండ్లు ఖరాబైనయి. మాపటీలి ఎదురుంగ బండొస్తే రెండు లైట్లకు నాలుగు కనబడుతున్నయ్. నిన్న చెరుకు ట్రాక్టర్ ముందటికి వచ్చేదాక నాకు కనబడలే. జానెడు సందుల తప్పింది. మీరు పాటలు పాడుతుండ్రి, మీకు తెల్వదు. నిన్ననే చెప్పాల్సింది. భయమై చెప్పలే. గదే నా తప్పు."

రోజూ డ్యూటీ పగటి పూటే కాబట్టి తనకూ అంతగా తెలియలేదని, మొదటి రోజు సాయంత్రం దుమ్మేమో అనుకున్నానని తర్వాత చెప్పారు. నేను కిటికీలోంచి చూశాను. రెండేసి ట్రాలీల నిండా చెరుకు వేసుకుని ట్రాక్టర్లు వెళ్తున్నాయి. చాలావాటికి వెనక దీపాల్లేవు.

పూటకూళ్ల ఇంటామె మాకు జొన్న రొట్టెలు చేసిపెట్టి, జొన్న బస్తాలున్న గది ఊడ్చి ఇచ్చింది. చాచా బస్సులోనే పడుకున్నారు. తెల్లారాక బయలుదేరి తొమ్మిదింటికి బాదామి చేరాం. ఎర్ర కొండల మీద ఎండ పడుతోంది. గుహలన్నీ చూశాం. హంపి మానుకుని రెండు రోజులూ పగటి పూటే ప్రయాణం చేస్తూ తిరిగొచ్చాం. హంపి చూడలేదన్న కొరత మాలో ఇద్దరికి ఇప్పటికీ ఉంది. దారంతా స్టోర్స్ అక్క ముందు సీట్లో కూర్చుని, ఎడమకు బర్రెలున్నాయనీ, ముందు గుంత ఉందనీ చెబుతూ వచ్చింది. ఆయనకు అవన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. అయినా ప్రతిసారీ తల ఊపారు.

మేడ్చల్ దగ్గర పడ్డాక అక్క ఒక మాట చెప్పింది. ఈ సంగతి మేమెవరం బయటపెట్టమని, పగటి డ్యూటీయే కాబట్టి ఎప్పటిలాగే చేసుకోవచ్చని. మేమంతా సరేనన్నాం. చాచా మాత్రం, "మీరు చెప్పకుంటే ఏమాయె, నాకెరికే గదా," అన్నారు.

ల్యాబు తెరిచిన రోజున బండి తెచ్చి నిలబెట్టి, బండ్ల వ్యవహారాలు చూసే అధికారికి ఉన్న సంగతి చెప్పి తాళాలు ఇచ్చేశారు. ఆయనకు ఇవ్వడానికి వాళ్ల దగ్గర వేరే పని లేకపోయింది. ఇల్లు గడిచేది ఆయన జీతం మీదే. నర్సింగ్ రెండో ఏడాదిలో ఉన్న చిన్న కూతురు చదువు ఆపి ఒక బట్టల దుకాణంలో చేరింది. మరుసటి ఏడాది మళ్లీ కాలేజీకి వెళ్లగలిగింది. ఆయనకు ఒక కంటికి ఆపరేషన్ అయ్యి ఆ కంటి చూపు కొంత మెరుగైంది. రెండో కన్ను ఇక రాదన్నారు.

ఆ తర్వాతే నాకు కారు నేర్పమని అడిగాను. నాకు నేర్చుకోవాలని ఉండేది. ఆయన్ను మళ్లీ కలవడానికి ఒక నెపం కూడా కావలసి వచ్చింది. అత్వెల్లి దగ్గర ప్లాట్లు వేసి, తారు రోడ్లు పోసి, ఒక్క ఇల్లూ లేవని వెంచరొకటి ఉండేది. ఆదివారాలు పొద్దున అక్కడికి వెళ్లేవాళ్లం. నేను నడుపుతుంటే ఆయన పక్క సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. నాలుగో ఆదివారమో ఐదో ఆదివారమో, బండి ఆపి, ఆ రోజు అలా అడిగినందుకు మాఫ్ చేయమన్నాను.

"మాఫీ ఎందుకు బిడ్డా? అడుగుడే మంచిది. ఇగ ముంగట ఎవల బండెక్కినా గట్లనే అడుగు," అని, గేరు వెయ్యమన్నారు.

శుక్రవారం ఆ ఇంటి వాకిట్లో ఆడవాళ్ల మధ్య కూర్చున్నప్పుడు చిన్న కూతురు నా పక్కకు వచ్చింది. ఎనిమిది మందిలో ఐదుగురం వచ్చాం. అక్కడున్న అందరికీ వినిపించేలాగే చెప్పింది. "నా చదువు ఆగిన ఏడు అబ్బాజాన్‌తోని మాట్లాడలే నేను. మీరందరు ఎవలికీ చెప్పం అంటిరి గదా. ఆయనే పోయి ఎందుకు చెప్పిండని కోపం. నర్సయినంక యాక్సిడెంట్ కేసులొచ్చే వార్డుల డ్యూటీ ఏసిన్రు. గప్పుడు సమజైంది." ఆ సంగతి తండ్రికి చెప్పావా అని స్టోర్స్ అక్క అడిగింది. చెప్పానంది. ఆయన ఏమన్నారని అడిగితే, "తిన్నవా బిడ్డా అన్నడు," అంది. అప్పుడు ఏడ్చింది.

జనాజాను తీసుకెళ్లాక మేము వచ్చేశాం. తిరుగు దారిలో కారు నేనే నడిపాను.

ఆయన్ను చివరిసారి చూసింది పోయిన చలికాలం. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే బస్సు ఎక్కితే, డ్రైవరుకు పక్కగా ముందు సీట్లో చాచా ఉన్నారు. వెనక నిలబడ్డ నన్ను చూడలేదు. మధ్యాహ్నపు ఎండ అద్దం మీద పడుతోంది. నేను ముందుకు వెళ్లి పలకరించబోతుండగా, కాస్త దూరంలో ఒక ఆటో ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. డ్రైవరు ఇంకా కండక్టరుతో మాట్లాడుతూనే ఉన్నాడు. చాచా కుడికాలు మాత్రం చెప్పులోంచి బయటికొచ్చి బస్సు నేలను గట్టిగా అదిమిపట్టింది. ఆ తర్వాత బస్సు వేగం తగ్గింది. ఆటో పక్కకు తప్పుకునేదాకా ఆయన ఆ కాలు ఎత్తలేదు.