నిరుటి మట్టల బూడిద

నా చిన్నప్పుడు ఒక ఏడు, ఈస్టరుకు ముందు వారం వచ్చే మట్టల ఆదివారం నాడు గుడి గుమ్మంలో ఉపదేశిగారిని నిలదీసింది నేనేనని మనవలకు చెబుతుంటాను. రెండు నిలువుల జీలుగు మట్ట భుజాన వేసుకుని, వెనక వెయ్యి మంది నడుస్తుంటే వెళ్లానంటాను. అప్పుడు మా కొండ మీద ఉన్నవి ఇరవై గడపలు. ఆ వెయ్యి మందీ ఎక్కడి నుంచి వచ్చారని ఎవరూ అడగలేదు కాబట్టి ఇంకా చెబుతూనే ఉన్నాను.

ఆ రోజు పట్టుకోవాలని బైబిల్లో ఉన్న ఖర్జూర మట్టలు అరకు వైపు మా కొండల్లో ఎక్కడివి? మాకున్నది జీలుగు. దాని ఆకులు చేప తోకల్లా ఉంటాయి. మేము తాగే కల్లు దిగేదీ ఆ చెట్టుకే. మా తాతయ్య జీలుగు గీసేవాడు. మట్టల ఆదివారానికి మట్టలు కోసిచ్చేదీ ఆయనే. గుడిలో దీవించాక వాటిని ఎవరింటి చూరులో వాళ్లు దోపుకునేవాళ్లం.

ఆ ఏడు క్రిస్మస్ అయ్యాక, ఫాదర్ లేని వారాల్లో ప్రార్థన నడిపించడానికి కింద ఊళ్ల నుంచి కొత్త ఉపదేశిగారు వచ్చారు. మంచివారే. విభూది బుధవారంతో మొదలయ్యే నలభై రోజుల తపస్సు కాలంలో సిలువకు ఊదా గుడ్డ కప్పి, అది దుఃఖానికి గుర్తని, మట్ట జయానికి గుర్తని మాకు ఓపిగ్గా చెప్పారు. అంతవరకూ బాగానే ఉంది. మట్టల ఆదివారం ఇంకో వారముందనగా, కల్లు చెట్టు మట్ట గుడిలోకి తేవద్దని, కింద నుంచి ఈత మట్టలు తెప్పిస్తానని అన్నారు. ఈతకూ కల్లు దిగుతుందని ఆయనకు గుర్తు చేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తాతయ్య మాత్రం, మట్ట పనికిరానప్పుడు దాన్ని కోసిన చేతులూ పనికిరావు కదా అని, ఇక గుడికి రానన్నాడు.

ఆదివారం పొద్దున్నే మా మామ్మ ఆయన్ను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. రెండో చేతిలో జీలుగు మట్ట. ఉపదేశిగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"బావూ, విబూది బుధారం నాడు నుదుట ఏటి రాసుకున్నావు?" అని మామ్మ నిదానంగా అడిగింది.

నిరుడు దీవించిన మట్టలు కాల్చిన బూడిద, అన్నారాయన.

"నిరుడు ఈ కొండ మీదకి ఈత మట్టలు ఎవులు తెచ్చినారు? ఇంటింటి సూరులోంచి ఏరి కాల్సింది నానే. సొరబుర్రలో ఎట్టి నీ సేతికిచ్చింది నానే. మా ముసలోడు కోసిన జీలుగే బావూ అది."

ఆయన చేయి దానంతటదే నుదుటి మీదకు పోయింది. తర్వాత పక్కకు జరిగి, తనకూ ఒక మట్ట కోసి పెట్టమని తాతయ్యను అడిగారు.

ఇంతకీ నేనెక్కడున్నాను? మామ్మ వెనక, ఉత్త చేతులతో. ఉపదేశిగారు దూరం నుంచి కనబడగానే నా మట్టను కాఫీ తోట కంచె అవతల పడేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను. మామ్మ తన మట్ట నుంచి ఒక రెమ్మ చీల్చి నా చేతిలో పెట్టింది. "గట్టిగా పట్టుకోరా గుంటడా" అంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయాయి. అయినా ఏటా జీలుగే పట్టుకుని అందరికంటే ముందు వెళ్లి గుమ్మంలో నిలబడతాను. కొత్తవాళ్లెవరైనా వింతగా చూస్తే ఇంకాస్త పైకెత్తుతాను. రెండు నిలువులేమీ ఉండదు, మోచేతి పొడవు రెమ్మ. వెనక వెయ్యి మందీ ఉండరు. కానీ ఆ రోజు తర్వాత దాన్ని ఒక్కసారి కూడా కంచె అవతల పడేయలేదు. ఇందులో ఒక్క ముక్క కూడా పెంచి చెప్పలేదు.