కిటికీకి అందే గడియ

తొంభయ్యవ దశకం తొలినాళ్లలో నేను గద్వాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసేవాడిని. ఒక ఆదివారం మధ్యాహ్నం వీసీఆర్ అద్దెకు తెచ్చి, నా భార్యతో కలిసి ఒక సినిమా చూస్తున్నాను. ఒంటరి దంపతుల ఇంట్లోకి దుండగులు చొరబడే కథ అది. బొమ్మ స్పష్టంగా కనబడాలని తలుపులన్నీ మూసి, వీధి కిటికీని మాత్రం ఓరగా ఉంచాము. “రేపే మన వీధి తలుపు గడియను కిటికీకి దూరంగా మార్పించండి” అని నా భార్య భయంతో అన్నది.

టీవీలో దుండగుడు కిటికీలోంచి చేయి పెట్టి గడియ వెతుకుతున్నాడు. సరిగ్గా అప్పుడే మా కిటికీ ఊచల మధ్య నుంచి ఒక చేయి వచ్చి తలుపు గడియను తడమసాగింది. నా భార్య కెవ్వుమన్నది. నేను చేతికర్ర ఎత్తాను.

“కొట్టకుండ్రి సారూ, నేను నర్సమ్మను! ఎంత పిలిచినా పలుకరేంది? మీ వంటింట్లకెల్లి పొగ లేస్తుంది!”

ఆమె పక్కింట్లో మగ్గం నేసే మనిషి. పరుగెత్తి చూస్తే, పెరటి వంటింట్లో స్టవ్ మంట గోనెసంచికి అంటుకుని పైకప్పు వాసాలను అందుకోబోతున్నది. ముగ్గురమూ నీళ్లు పోసి ఆర్పాము.

తిరిగి వచ్చేసరికి టీవీలో ఇంకా అరుపులే.

“గీ దొంగలను చూసుకుంట ఇల్లు కాలబెట్టుకుంటుంటిరి గదా సారూ!” అని నర్సమ్మ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇల్లు భద్రంగా ఉండాలంటే గడియ ఒక్కటే చాలదని ఆనాడు తెలిసింది. మా గడియ నేటికీ బయటి చేతికి అందేటట్టే ఉన్నది.