పేరు మారిన మనిషి

ఇవాళ్టికీ కంప్యూటర్ కీచుమని ‘రికార్డు లేదు’ అంటే నా చెయ్యి టక్కున ఆగిపోతుంది. ఆఫీసులో కుర్రాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాళ్ళకు దేవసహాయం సారు తెలియదు.

తొంభైలలో ఉదయగిరిలో ఒక చిన్న ఆసుపత్రికి ఆయన మేనేజరు. నేను చీటీలిచ్చే ఆపరేటర్ని. కంప్యూటర్ కొత్త. ఆత్మకూరు వెళ్ళి నేర్చుకొచ్చి, రోగుల వివరాల ప్రోగ్రాం సారే రాశారు. పేరు, ఊరు కొడితే పాత రికార్డు తెరుచుకునేది, అందులో కొత్త వివరాలు చేర్చేదాన్ని. దొరక్కపోతే కొత్త రికార్డు పుట్టేది. ఆ పేరూ ఊరే రికార్డు తెరిచే తాళంచెవి, ‘కీ’ అనేవారు. ఎంత మురిపెమంటే, తెర మీద దుమ్ము తన చేతిరుమాలుతోనే తుడిచేవారు.

ఒకరోజు సీతారామపురం నుంచి జ్వరంతో ఒకామె వచ్చింది. పేరు మేరీ అంది. కొట్టాను, రికార్డు లేదు. కొత్తది తెరిచి, చీటీ ఇచ్చి లోపలికి పంపాను. ఆమె అవ్వ మాత్రం నా కిటికీ దగ్గరే కూర్చుండిపోయి మాటల్లో పెట్టింది.

“పోయినసారి గూడా ఈడికే వచ్చినాం లేమ్మా. సూదేస్తే ఊపిరాడక చచ్చి బతికింది.”

“రికార్డు లేదే అవ్వా?”

“అప్పుడు పోలమ్మ గదా. బాప్తిస్మం తీసుకున్నాక మేరీ అయినాది.”

పోలమ్మ అని కొట్టాను. ‘పెన్సిలిన్ పడదు’ అని వచ్చింది. వెనక నిలబడి చూసిన సారు చెప్పులు వదిలేసి వార్డుకు పరుగెత్తారు. వెనకే నేనూ. ఏ దేవుణ్ణి తలుచుకోవాలో కూడా తోచలేదు. నర్సు ఆమె చేతిమీద దూదితో రుద్దుతోంది, పక్కనే పెన్సిలిన్ సూది సిద్ధంగా ఉంది. “ఆపమ్మా!” అని సారు అరిచారు.

సంగతి విని డాక్టరు నావైపు గుర్రుగా చూశారు.

“ఆ పిల్లనేం అనబాకండి సార్. పేరును కీగా పెట్టింది నేను. మా ఊళ్ళల్లో సగం మందికి రెండు పేర్లుండాయి. నాకూ ఉండాది. తెలిసీ పెట్టినాను” అన్నారు సారు.

మర్నాటి నుంచి మనిషికో నంబరు, అదే కీ. అట్టముక్క మీద రాసి ఇచ్చేవాళ్ళం. అయినా సారుకు నమ్మకం కుదరలేదు. అట్ట పోగొట్టుకున్నవాళ్ళు మళ్ళీ కొత్తవాళ్ళలా వస్తారని భయం. వరండాలో నిలబడి, “ఇంతకుముందు ఏ పేరుతో వచ్చినావమ్మా?” అని పోలీసులా ఆరా తీసేవారు. ఆ చాదస్తానికి నేను చాటుగా నవ్వుకునేదాన్ని.

నాకు నెల్లూరులో ఉద్యోగమొచ్చినప్పుడు బస్సు దాకా వచ్చారు. ధైర్యం చెబుతారేమోనని, “భయమింకా పోలేదు సార్” అన్నాను.

“పోగూడదు. కొత్త రికార్డు తెరిచేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగలేదనుకో, ఆ రోజే కుర్చీలోంచి లేచిపోమ్మా” అన్నారు.

ఇన్నేళ్ళయింది. నేనింకా లేవలేదు.