నుదుటి మీద రెండు వేళ్ళు

మా అత్తగారు పేరుకు క్రైస్తవ మఠంలో వంటమనిషి. నన్నడిగితే ఆ మఠం ఆవిడ చేతి మీదుగానే నడిచిందంటాను. కోడలు అత్తను పొగిడితే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానె, ఉన్నమాట చెప్పడానికి నాకేం భయం?

ఆవిడ చేరేనాటికి అక్కడ మౌనవ్రతం పట్టిన బ్రదర్లుండేవారు. మాటలుండవు, అన్నీ సైగలే. చిటికెన వేలు లాగితే పాలు. రెండు చేతుల వేళ్ళతో గుండ్రం చుడితే రొట్టె. నుదుటి మీద రెండు వేళ్ళు ఆనిస్తే మఠం పెద్ద. నోరు మెదపకుండా వంట చేయడం మా అత్తగారికి ప్రాణం మీదికొచ్చిందట. అయినా నేర్చుకుని, మాకూ నేర్పింది. పిల్లలు నిద్రపోతుంటే నేనూ మా ఆయనా ఇప్పటికీ చేతులతోనే పోట్లాడుకుంటాం.

కొత్తవాళ్ళు చేరక బ్రదర్లు తగ్గిపోయారు. మిగిలినవాళ్ళు మఠాన్ని బడి నడిపే సిస్టర్లకు అప్పగించి దూరంగా ఉన్న మరో మఠానికి వెళ్ళిపోయారు. ఇక వంటింట్లో కబుర్లే కబుర్లు. చాలా ఏళ్ళకు ఆ బడీ మూతపడి, రోగులను చూసుకునే సిస్టర్లు వచ్చారు. భోజనాల గది వార్డయింది.

"ఎన్ని మఠాలు మారారత్తయ్యా?" అని నేను ఆటపట్టిస్తే, "నేనెక్కడ మారానే? గరిటె పట్టుకుని అక్కడే నుంచున్నా. వాళ్ళే మారారు" అనేది.

ఆ సిస్టర్లకు పెద్దగా వచ్చిన కొత్త మదర్ మంచావిడే. "మోకాళ్ళ నొప్పులంటున్నారు కదమ్మా, నెలాఖరుకి మానేసి హాయిగా ఇంట్లో ఉండండి" అంది. ఆ రోజు అత్తగారు భోజనం ముట్టలేదు. ఆ వంటిల్లు లేకపోతే మనిషి ఏమైపోతుందోనని నాకు బెంగ పట్టుకుంది.

ఆ వారంలోనే, అప్పట్లో వెళ్ళిపోయిన పాత బ్రదర్లలో ఒకాయనను వార్డుకు తెచ్చారు. పక్షవాతంతో మాట పడిపోయింది, కుడిచేయి లేవదు. ఏం పెట్టినా మొహం తిప్పేసుకుంటున్నాడు. సిస్టర్లకు ఏం చేయాలో పాలుపోలేదు.

అత్తగారు సూపు గిన్నెతో వెళ్ళింది, సాయానికి వచ్చిన నేను వెనకాలే. ఆయన ఎడమచేత్తో గాల్లో ఏదో చూపించాడు. ఈవిడ చేత్తోనే జవాబిచ్చింది. ఇద్దరూ జోరందుకున్నారు.

"ఏమంటున్నారమ్మా?" మదర్ ఆత్రంగా అడిగింది.

"సూపులో ఉప్పు లేదట. డాక్టరు వద్దన్నాడయ్యా అంటే వినడే! అప్పుడూ ఇంతే మొండి. పాలలో రొట్టె నానబెట్టి ఇస్తే తింటాడట."

తెచ్చి తినిపించింది. గిన్నె ఖాళీ అయ్యాక ఆయన ఆవిడను వేలితో చూపి, నుదుటి మీద రెండు వేళ్ళు ఆనించాడు.

"ఇప్పుడేమన్నారు?"

అత్తగారు సిగ్గుతో ఎర్రబడింది. "ఏం లేదు మదర్, ముసలాయన చాదస్తం."

నేనూరుకుంటానా? "మఠం పెద్ద మా అత్తయ్యేనంటున్నారు మదర్!" అనేశాను. బ్రదర్ అవునన్నట్టు తలాడించాడు. ఆ రోజుల్లో బ్రదర్లంతా ఆవిడ వెనకాల అలాగే సైగ చేసుకునేవారట. నాకైతే గర్వంతో కళ్ళు చెమర్చాయి.

మర్నాడు పొద్దున్నే మదర్ ఒక ఎత్తు స్టూలు స్వయంగా మోసుకొచ్చి పొయ్యి పక్కన వేసింది. అత్తగారికేసి చూసి, నుదుటి మీద రెండు వేళ్ళు ఆనించింది.

"ఇకనుంచి కూర్చుని వండండి" అంది.