నీళ్లు లేని ఏరు

మా సైన్సు సార్ పోయినారని ఆదోని నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఏడాదికి సరిపడే కందిపప్పు ఎండబెట్టి డబ్బాలకు ఎత్తుతున్నాను. సగంలో వదిలేస్తే పురుగు పడుతుంది. అందుకని మిగిలిన పప్పు కూడా ఎత్తి, మూతలు బిగించి, ఏ డబ్బా ఎప్పటిదో చీటీ అంటించి, అప్పుడు చీర మార్చుకుని ఎమ్మిగనూరు బస్టాండుకు పోయాను. బస్సులో కూర్చున్నాక కూడా ఏడుపు రాలేదు. సార్ గురించి రాయమని నన్ను అడిగినవాళ్లకు ఇది ముందే చెబుతున్నాను. నాకు చదువు మీద ఆశ పుట్టించింది ఆయన. నా చదువు ఆగింది కూడా ఆయన మాట వల్లే. ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేసి మిగిలింది ఇంత అని చెప్పడం ఇన్నేళ్లయినా నాకు చేతకాలేదు.

మాది హాలహర్వి దగ్గర పల్లె. గొర్రెలే మా బతుకు. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. మా ఇంట్లో హైస్కూలు గడప తొక్కింది నేనే మొదలు. సార్ ఆదోని నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ఒక తొలకరికి మా మందలో చిటుకు రోగం వచ్చింది. సాయంత్రం మేసి వచ్చిన గొర్రెలు తెల్లారేసరికి కాళ్లు చాచి పడి ఉన్నాయి. క్లాసులో ఏడుస్తుంటే సార్ కారణం అడిగారు. వానలకు ముందే సూది వేయిస్తే ఆ రోగం రాదని చెప్పి, "ఆ సూది వేసే సదువు నీవే సదవరాదా?" అన్నారు. గొర్రెలకు ఒక చదువు ఉంటుందనీ, దాన్ని నేను చదవొచ్చనీ అంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు.

పదో తరగతిలో, ఇంట్లో చదువుకున్నవాళ్లు లేని పిల్లలను ఆయన ఆదివారాలు ఆదోనిలో తమ ఇంటికి పిలిచేవారు. అక్కడ చెప్పింది సైన్సు కాదు. ఆయన వీధి గదిలో కిటికీ వెనక కూర్చుని ఆఫీసు గుమాస్తా అయ్యేవారు. మేము అరుగు మీద వరసగా నిలబడాలి. "ఏం కావాల?" అని విసుగ్గా అడిగేవారు. నేను అలవాటు కొద్దీ "ఏం లేదు సార్" అనేదాన్ని. కిటికీ రెక్క ధన్‌మని మూసుకునేది. లోపలి నుంచి, "ఏం లేదంటే ఇంటికి పో. కాలేజీలో నిన్ను బతిమాలి అడిగేటోడు ఎవడూ ఉండడు" అని వినిపించేది.

ప్రిన్సిపాల్ గదిలో కుర్చీ చూపిస్తే పైటతో తుడవకుండా కూర్చోవడం, ఇంటిపేరు అడిగితే మా వైపు ఇంటిపేర్లు ఉండవని తడబడకుండా చెప్పడం, తెలియనిది తెలియదని చెప్పి ఇంకోసారి అడగడం, ఇవన్నీ ఆ కిటికీ దగ్గరే నేర్చుకున్నాం. మధ్యాహ్నం ఆయన భార్య బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టేది. మొదటిసారి సాయిబుల ఇంట్లో తినొచ్చో లేదో తెలియక ప్లేట్లు పట్టుకుని ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. "తినకుంటే మానండి, మా కోళ్లు ఉండాయి" అందామె నవ్వుతూ. కోళ్లకు ఏమీ మిగల్లేదు.

పది పాసయ్యాక సార్ మా ఇంటికి వచ్చారు. నాయన గొంగడి పరిచి కూర్చోబెట్టి, చదువు మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపాడు. కాలేజీ ఉన్న ఆదోనిలో మాకు సొంతవాళ్లు ఎవరూ లేరు. ఆడపిల్లను హాస్టల్లో వదలనన్నాడు.

"అయినా ఆడపిల్ల గొర్రెకు సూది వేస్తే నలుగురూ నగుతారు సారూ."

"నలుగురూ నగనీ. గొర్రె నగదు కదప్పా."

నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చల్లారకముందే సార్ అడిగారు, బళ్ళారిలో మీ చెల్లెలు ఉంది కదా అని. మేనత్త ఇల్లంటే నాయన సరేనన్నాడు. నేను బళ్ళారిలో పీయూసీ, అంటే అక్కడి ఇంటర్, చదవాలని అక్కడే తేలిపోయింది. సార్ వెళ్లిపోయాక నాయన, "మాటకారి మనిషి" అని మెచ్చుకున్నాడు.

బయటివాళ్లకు ఇందులో తప్పేమిటో అర్థం కాదు. మాకూ కాలేదు. మాకూ బళ్ళారికీ మధ్య ఉండేది హగరి ఏరు. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసుకే. దాని మీదుగా నడిచి సంతకు పోతాం, పిల్లనిస్తాం, పిల్లను తెచ్చుకుంటాం. అవతలి ఒడ్డు వేరే రాష్ట్రమని మ్యాపులో ఉంటుంది కానీ కాళ్లకు తెలియదు. మ్యాపులు చదివిన సార్‌కూ ఆ రోజు గుర్తుకు రాలేదు.

రెండేళ్లు బాగా చదివాను. మార్కులు మంచివే వచ్చాయి. పశువుల డాక్టరు కోర్సుకు అడగడానికి సార్ నన్ను మన రాష్ట్రంలోని కాలేజీకి వెంటబెట్టుకుని పోయారు. అక్కడ నిజం కిటికీ ఉంది, నిజం గుమాస్తా ఉన్నాడు. నేను నేర్చుకున్నట్టే నిటారుగా నిలబడి, ఏం కావాలో స్పష్టంగా చెప్పాను. అతను సర్టిఫికెట్లు తిరగేశాడు.

"బళ్ళారిలో చదివినావు. నాన్ లోకల్."

సార్ ముందుకు వచ్చారు. "ఈ యమ్మ పుట్టింది ఈడనే. వీళ్ల నాయన ఓటేసేది ఈడనే."

"చదివింది ఆడ కదా సార్. వరసగా ఈడ చదివినోళ్లే లోకల్. రూలొచ్చి చానా రోజులాయె. మీరు టీచరే కదా?"

మమ్మల్ని ఎన్నో ఆదివారాలు కిటికీ ముందు నిలబెట్టి మాట్లాడించిన మనిషి, ఊచలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. వెనకవాళ్లు జరగమంటే జరిగారు. బయటివాళ్లకు మిగిలే కాసిని సీట్లకు నా మార్కులు చాల్లేదు. కర్ణాటకలో అడిగితే, పదో తరగతి దాకా ఆంధ్రలో చదివినావు కదా అన్నారు. ఏరుకు ఈ ఒడ్డునా కాకుండా పోయాను, ఆ ఒడ్డునా కాకుండా పోయాను.

మరుసటి ఏడాదే ఎమ్మిగనూరు సంబంధం చూసి పెళ్లి చేశారు. సార్ వచ్చి చివరి బంతిలో భోంచేసి వెళ్లారు. నేను పలకరించలేదు. అందుకు ఇప్పుడు బాధ పడుతున్నానని రాస్తే అబద్ధమవుతుంది.

ఎనభైల చివర, మా అత్తగారి బర్రె ఈనలేక అవస్థ పడుతుంటే పశువుల ఆసుపత్రి నుంచి ఒక చిన్న వయసు అమ్మాయి వచ్చింది. మోచేతి దాకా సబ్బు పూసుకుని దూడను తిప్పి బయటికి తీసింది. చేతులకు నీళ్లు పోస్తూ ఏ ఊరమ్మా అని అడిగాను. హొళగుంద పక్క అంది. బళ్ళారికి పోవాల్సిన తనను మా సైన్సు సారే పట్టుబట్టి ఆదోనిలోనే చదివించారని చెప్పింది. "హగరి దాటిన పిల్ల కథ సెప్పేటోరు అక్కా, పది పరీక్షలకు ముందు ప్రతి ఏడూ. నీళ్లు లేని ఏరు కదా అని దాటొద్దండి, తిరిగి రాలేరు అనేటోరు. ఆ పిల్ల ఏమైందో మాకు సెప్పలేదు."

నీళ్లు పోయడం ఆపలేదు. ఇంకొంచెం సబ్బు కావాలా అని మాత్రం అడిగాను.

ఆ వారమే ఆదోని పోయాను. పెళ్లి తర్వాత ఆయనతో మాట్లాడింది అదే మొదలు. నా బతుకు మీకు పాఠమైందా, అడగనైనా అడిగినారా అన్నాను. ఆయన నన్ను కూర్చోమనలేదు, తనూ కూర్చోలేదు.

"నీ పేరు ఎప్పుడూ సెప్పలేదమ్మా. తప్పు నాదని సెప్తాను. మానుకోమంటే మానుకుంటా. కానీ నేను మానుకున్న ఏడాది ఇంకొకరు దాటుతారు."

మానుకోమనే వచ్చాను. ఆ డాక్టరమ్మ చేతులు గుర్తొచ్చాయి.

"సెప్పండి," అన్నాను. "బాగా సదివే పిల్ల అని కూడా సెప్పండి."

"అది ముందే సెప్తానమ్మా," అన్నారు.

ఆ తర్వాత మా మధ్య మాటలు నడిచాయి. పాత చనువు మాత్రం రాలేదు. రావాలని ఆయనా అడగలేదు.

ఆయన పోయిన రోజు నేను చేరేసరికి ఆదోనిలో వీధి నిండా మనుషులు. ఆయన చదువుల్లోకి తోసినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. సాయంత్రం అసర్ నమాజు వేళకు ఆయన పాడె, జనాజా, లేచింది. శ్మశానానికి ఆడవాళ్లు పోరు. టీచర్లు, నర్సులు, బ్యాంకులో పనిచేసేవాళ్లు, ఎవరెంత చదివినా ఆడవాళ్లమంతా గడప లోపలే నిలబడిపోయాం. మగవాళ్లు తొందరగా చెప్పుల్లో కాళ్లు దూర్చి భుజాలు మార్చుకుంటూ పోయారు. మలుపు దాకా జనాజా కనిపించింది, తర్వాత కనిపించలేదు. మెట్ల కింద మా ఆడవాళ్ల చెప్పులు మాత్రం మిగిలాయి. వాటి నడుమ మగవాళ్లవి ఒక్క జత, సార్‌వి, మడమలు అరిగి, ముందువైపు వీధికి తిరిగి ఉన్నాయి.