లక్షా ఆరువేల పాయింట్లు

“అంటే పోయినేడాదే సరిపోయాయి. తొంభై రెండు వేలు. మీ చేత్తోనే రాసుకున్నారు.”

“సరిపోయాయి గానీ...”

“గానీ లేదు, గీనీ లేదు. కావాల్సింది తొంభై వేలని పక్కనే ఉంది. దాని కింద ‘బోనస్ దాకా ఆగాలి’ అని ఇంకో లైను. దానికి స్కేలు పెట్టి గీత కూడా గీశారు. ఆగమంటావా అని నన్ను అడిగారా?”

మేనల్లుడు ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా గుమ్మం బయటే నిలబడిపోయాడు. ఆ ఇంట్లో గొడవలు కొత్తేం కాదు. కొళాయి కారుతోందనో, తువ్వాలు తడిపి మంచం మీద పడేశారనో రోజుకొకటి నడుస్తూనే ఉంటుంది. కాకపోతే గొడవన్నాక అత్త గొంతు వీధి చివరిదాకా వినపడాలి. ఈసారి గొంతు పైకి లేవలేదు. అందుకే అతను లోపలికి వెళ్లలేకపోయాడు.

మామ ఏదో గొణిగాడు. నోటుబుక్కు బల్ల మీద పడిన చప్పుడు, ఆ వెనకే అత్త నడక. ఆమె కుడికాలు మోకాలి దగ్గర వంగదు. పద్దెనిమిదేళ్ల కిందట తడి మెట్ల మీద జారి పడితే, డాక్టర్లు లోపల కడ్డీ వేసి కాలు నిటారుగా అతికించేశారు. ఒక అడుగు మామూలుగా పడుతుంది, రెండోది నేలను రాసుకుంటూ వస్తుంది. ఆ నడక పడగ్గదిలోకి వెళ్లింది. తలుపు మూసుకుంది.

మామ లిఫ్టు మెకానిక్కు. ముప్ఫై ఒక్కేళ్లుగా అదే కంపెనీ, అదే రెంచీల పెట్టె. మేనల్లుడు కాలేజీ మూడో ఏడాదిలో చదువు మానేసి, “నచ్చలేదు” అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ చెప్పకుండా సంచీతో దిగినప్పుడు, ఏంరా ఎందుకురా అని అడగని మనిషి చుట్టాలందరిలో ఈయనొక్కడే. ముందుగది చూపించి, దుప్పటి ఇచ్చి, ఫోను బిల్లు ఏ కార్డు మీద కడుతున్నావని మాత్రం అడిగాడు. కార్డే లేదంటే, బాబోయ్ ఎంత పోగొట్టుకున్నావురా అన్నట్టు చూశాడు.

ఆయనకి కార్డుల పిచ్చి పట్టింది లిఫ్టులోనే. పద్నాలుగేళ్ల కిందట ఒక ఆఫీసు మేడలో లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఇరుక్కుంది. లోపల ఒక్కడే మనిషి, బ్యాంకు కార్డులు అమ్ముకునే కుర్రవాడు. భయంతో వాడికి ఊపిరాడటం లేదు. మామ పైనుంచి తలుపు సందులో నోరు పెట్టి, మాట్లాడుతూ ఉండు, నీ పనేంటో నాకు చెప్పు అన్నాడు. వాడు నలభై నిమిషాలు చెప్పాడు. పాయింటంటే ఏంటి, ఎలా పోగవుతుంది, ఎక్కడ ఖర్చుపెడితే దమ్మిడీకి కొరగాదు, ఎక్కడ పెడితే పదింతలు పలుకుతుంది, అన్నీ. ప్రాణభయంలో ఉన్న సేల్స్‌మ్యాన్ అబద్ధం ఆడడని మామ నమ్మకం. బయటికి లాగిన వెంటనే వాడి దగ్గరే ఫారం నింపాడు.

ఆ తర్వాత ఏ బ్యాంకు కాగితం కనపడినా వదల్లేదు. పొడుగు నోటుబుక్కులో కార్డుకో పేజీ. ఏడాది ఫీజెంత, ఆ ఫీజు తిరిగి రాబట్టాలంటే ఎంత వాడాలి, వంద ఖర్చుకి ఎన్ని పాయింట్లు, వాటికి గడువుందా లేదా. పంతొమ్మిది కార్డులు పోల్చి పదిహేను కొట్టేశాడు. మిగిలిన నాలుగూ ఒకే బ్యాంకువి. పాయింట్లన్నీ ఒకే ఖాతాలో పడతాయి, ఎన్నేళ్లున్నా మురిగిపోవు. పాత కళ్లద్దాల డబ్బాలో ఆ నాలుగూ పెట్టుకుని, ఒక్కోదానికీ తెల్ల చీటీ అంటించాడు: పెట్రోలు, సరుకులు, బిల్లులు, మిగతావి. కొట్లో అత్త సబ్బు పట్టుకుని నిలబడితే, అది సరుకా, మిగతానా అని ఆలోచిస్తూ వెనక జనాన్ని ఆపేసేవాడు. ముఖం కడుక్కోడానికి కూడా కార్డు అడగాలా అని అత్త అందరి ముందూ కడిగేసేది.

పనిచోట ఆయన్ని పాయింట్ల మేస్త్రి అంటారు. పదిమంది కలిసి తింటే బిల్లు తను గీకి, వాళ్ల దగ్గర నగదు తీసుకుంటాడు. నవ్వేవాళ్లే మళ్లీ చాటుగా వచ్చి ఏ కార్డు మంచిదని అడుగుతారు. అందరికీ ఆయన చెప్పేది ఒకటే. గడువులోగా మొత్తం బిల్లు కట్టలేనివాడు కార్డు జోలికే పోకూడదు. ఒక్క నెల వడ్డీ కట్టావంటే ఏడాది పాయింట్లు హుష్ కాకి. పాయింట్లు వస్తాయి కదా అని అక్కర్లేనిది కొన్నావో, నిన్ను మించిన వెర్రివాడు లేడు. ఇక బ్యాంకు పంపే రంగురంగుల పుస్తకంలో దుప్పట్లూ మిక్సీలూ ఉంటాయి. ఆ పుస్తకం కిటికీ ఊగకుండా అడ్డం పెట్టుకోడానికి పనికొస్తుంది. పాయింటుకి అసలు విలువ విమానం సీట్లో ఉంది. అందులోనూ వెనక ఇరుకు సీట్లలో కాదు, ముందు పడుకునే సీట్లో.

ఆ ముందు సీటే ఆయన లెక్కంతా. అత్త అక్క సముద్రాల అవతల ఉంటుంది, తొమ్మిది గంటల ప్రయాణం. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. అక్కచెల్లెళ్లు ఎదురెదురుగా చూసుకుని ఇరవై ఏళ్లు దాటింది. మామూలు సీటుకీ దాని ఎదురుగా ఉన్న సీటుకీ మధ్య ముప్ఫై ఒక్క అంగుళాల జాగా అని కంపెనీవాళ్లే రాశారు. మామ తన టేపుతో అత్త కాలు కొలిచాడు. నడుం నుంచి మడమ దాకా ముప్ఫై ఎనిమిది. ఆ ఏడు అంగుళాల కోసమే ఇదంతా. పడుకునే సీటు డబ్బిచ్చి కొనాలంటే ఆయన ఏడాదిన్నర జీతం కావాలి. పాయింట్లతో అయితే, రానూ పోనూ తొంభై వేలు.

పోయినేడాది ఆ తొంభై వేలు దాటాయి. మామ ఆగాడు. ఏటా ఒకసారి బ్యాంకువాళ్లు, పాయింట్లు విమానాల కంపెనీకి పంపితే పాతిక శాతం అదనంగా ఇస్తారు. అది వస్తే డెబ్భై రెండు వేలు పంపితే చాలు, పద్దెనిమిది వేలు కలిసొస్తాయి. ఆగడం తెలివైన పనే. కాకపోతే బోనస్ రాకముందే విమానాల కంపెనీ పట్టిక మార్చేసింది. తొంభై వేల సీటు లక్షా ఇరవై వేలయింది. మామ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంకా కొంచెం తక్కువయ్యాయే అంటూ ఏడాది నెట్టుకొచ్చాడు. ఈ ఏడాదికి లక్షా ఆరు వేలు. ఇంకా పద్నాలుగు వేలు కావాలి.

ఈలోగా అక్క కంటిచూపు తగ్గుతోంది. రెండు కళ్లకీ నరం దెబ్బతింటోందనీ, మందులతో కొన్నాళ్లు ఆపగలం గానీ మహా అయితే ఏడాదనీ డాక్టరు తేల్చేశాడు. ఆ వారం వీడియో ఫోనులో మాట్లాడుతూ, చీకట్లో కూర్చున్నావేంటే, లైటు వేసుకో అందట. అత్త లైటు కిందే కూర్చుంది. ఫోను పెట్టేశాక, ఇంకెంత కావాలో తనే చూసుకుందామని నోటుబుక్కు తెరిచింది.

మర్నాడు మధ్యాహ్నం మేనల్లుడు మామ పనిచేసే చోటికి వెళ్లాడు. అతని ఉద్యోగం కొట్టుకొట్టుకీ తిరిగి కార్డు గీకే మిషన్లు బిగించడం. ఆ వీధిలోనే పని ఉంది. మామ పన్నెండంతస్తుల మేడ మీద, మోటారు గదిలో ఉన్నాడు. నూనె, వేడి ఇనుము వాసన. గుండ్రటి చక్రం మీద తాళ్లు పైకీ కిందికీ జారుతున్నాయి. మామ గుడ్డతో ఒకే చోట తుడుస్తూ కూర్చున్నాడు. అక్కడ మురికేమీ లేదు.

మేనల్లుడు డొంకతిరుగుడు తెలియని మనిషి. తన దగ్గర డెమో మిషనుంది, సరుకు అమ్మినట్టు కొడదాం, డబ్బు మళ్లీ నీ ఖాతాలోకే తిప్పేద్దాం, పద్నాలుగు వేల పాయింట్లు సాయంత్రానికల్లా వస్తాయి అన్నాడు.

“సరుకు లేని అమ్మకమా? బ్యాంకువాడు గుడ్డివాడనుకున్నావా?” అన్నాడు మామ. ఆ మాట అన్నాక తనే తడబడ్డాడు. కాసేపు తుడిచాడు. “పట్టుకుంటే ఖాతా మూసేస్తాడు. ఉన్నవీ గాల్లో కలుస్తాయి. అయినా మీ అత్తని అలాంటి సీట్లో కూర్చోబెట్టనురా.”

“అయితే పోయే టికెట్టు ఒక్కటే తియ్యి. అరవై వేలు. రెండూ ఒకేసారి తియ్యాలని ఎవడన్నాడు?”

మేనల్లుడు ఆ నోటుబుక్కు అంతకుముందే చూశాడు. పద్నాలుగేళ్లలో ఏ పేజీలో చూసినా ‘రానూ పోనూ’ అనే ఉంటుంది. పంతొమ్మిది కార్డులు జల్లెడ పట్టిన మనిషికి ఒకవైపు టికెట్టు సంగతి తెలియదంటే నమ్మేదెలా?

“నీకు తెలుసు. తెలిసే రాయలేదు.”

కింద ఎవరో బొత్తం నొక్కారు. చక్రం కదిలి, తాళ్లు జారి, ఆగాయి. అంతసేపూ మామ వాటినే చూశాడు.

“వాళ్లక్క ఒక్కతే ఉంటోంది,” అన్నాడు చివరికి. “పూర్తిగా కనపడకపోతే పక్కన మనిషి కావాలి కదా. మీ అత్త వెళ్లాక ఆ అక్కని వదిలేసి రాగలదా? చేతిలో తిరుగు టికెట్టుంటే, దాని మీద తారీఖుంటే వస్తుంది. లేకపోతే ఏమని రమ్మంటాను? పాయింట్లు నిండాయి, రా అనా?”

“అంటే ఆగింది బోనస్ కోసం కాదన్నమాట.”

“బోనస్ కోసమే. అదీ ఉంది, ఇదీ ఉంది.”

“రాకపోతే నువ్వెళ్లు మామా. నీ కాళ్లు రెండూ వంగుతాయి. వెనక సీటు చాలు నీకు.”

మామ అతని వైపు చూశాడు. కొడతాడేమో అనిపించింది. ముఖం తుడుచుకుని, ఆ గుడ్డ నూనెదని గుర్తొచ్చి, నల్లటి ముక్కుతో నవ్వాడు.

సాయంత్రం ఇంట్లో అత్త ఇంకా మాట్లాడటం లేదు. కంచాలు మాత్రం కావాల్సిన దానికన్నా గట్టిగా పెడుతోంది. మామ ఫోను తీసి బల్ల మధ్యలో పెట్టాడు. ఎదురు కుర్చీ లాగి, పక్కన ఆమె కాలు చాపుకోడానికి పీట కూడా జరిపాడు. పోయే సీటు ఒక్కటే తీద్దాం అన్నాడు. మంగళవారం, ఇంకా మూడు వారాలుంది, విమానం దాకా తోపుడు కుర్చీ వాళ్లే తెస్తారు, పాస్‌పోర్టు బీరువాలో పైన ఉంది. అన్నీ కాగితం చూసి చదివినట్టు చెప్పాడు. ఆ తర్వాత కాగితంలో లేని ముక్క చెప్పాడు. పోతే రావేమోనని ఆగాను అన్నాడు.

ఏడాది, అంది అత్త మెల్లగా. అక్క చూపులోంచి ఒక ఏడాది తీసుకుపోయారు మీరు, ఏ బోనసూ దాన్ని తిరిగివ్వదు. మామ తల దించుకున్నాడు. మేనల్లుడు లేచి పోదామనుకున్నాడు గానీ అత్త కాలు దారికి అడ్డంగా ఉంది.

“నాలుగు నెలలుంటాను,” అంది అత్త. “దానికి కళ్లున్నప్పుడే నన్ను కళ్లారా చూసుకోనివ్వండి. ఆ తర్వాత ఇక్కడికి వచ్చి మాతో ఉంటావా అని దాన్నే అడుగుతాను. అది వచ్చినా, రాకపోయినా నేనొస్తాను. ఈ వంగని మోకాలి మీద ఒట్టు.”

“ఆవిడకైతే మామూలు సీటు చాలు, పాయింట్లు సగం కన్నా తక్కువే...” అని మామ మొదలుపెట్టాడు. అత్త చూసింది. నోరు మూసుకున్నాడు.

ఒకసారి విమానాల కంపెనీకి పంపిన పాయింట్లు వెనక్కి రావని ఫోను మూడుసార్లు హెచ్చరించింది. రెండుసార్లు మామ ‘సరే’ నొక్కాడు. మూడోసారి వేలు అద్దానికి అంగుళం పైన ఆగిపోయింది. పద్నాలుగేళ్లలో ఒక్క పాయింటు కూడా ఖర్చుపెట్టని వేలు అది. జరగండి అని అత్త చెయ్యి చాపి, తనే నొక్కేసింది. లక్షా ఆరు వేలు కాస్తా నలభై ఆరు వేలయింది. సీటు మీద పన్నులు మాత్రం డబ్బుగానే కట్టాలి. మామ కార్డు నంబరు కొట్టాడు. దాని మీద పాయింట్లు పడ్డాయి. చూశాడు గానీ పైకి అనలేదు.

అత్త అక్కకి ఫోను చెయ్యడానికి లోపలికి వెళ్లింది. ఈసారి గొంతు వీధి చివరిదాకా వినపడింది.

మామ కళ్లద్దాల డబ్బా తెరిచి, ‘మిగతావి’ అని చీటీ ఉన్న కార్డు తీసి మేనల్లుడి చేతిలో పెట్టాడు. వచ్చే సీటుకి ఇంకా పద్నాలుగు వేలు కావాలి. అంటే ఏడాదిలో పోగయ్యేవి నాలుగు నెలల్లో పోగవ్వాలి. నువ్వేది కొన్నా దీని మీదే కొను, నీ స్నేహితులు కొంటే వాళ్ల దగ్గర నగదు తీసుకుని నువ్వు గీకు, నెలాఖరుకి మొత్తం నాకు తెచ్చివ్వు, ఒక్కరోజు ఆలస్యమైనా ఊరుకోను అన్నాడు. దానికేం, అలాగే అన్నాడు మేనల్లుడు.

మామ చెయ్యి ఇంకా కార్డు వదల్లేదు.

“ఇంకో మాటరా. అరవై వేలు నిండాక, బోనస్ వచ్చేలా ఉంది, ఒక్క నెల ఆగుదాం అంటాను నేను. కచ్చితంగా అంటాను. లెక్కలు చూపిస్తాను, నీకూ నిజమే అనిపిస్తుంది. నువ్వు మాత్రం నా మాట వినకు. నన్ను ఆగనివ్వకు.”